దేవదానం గడ్డం

పొద్దున కాఫీలు కాగానే మొగుడికి గడ్డం గీయడం ఆ ఇంట్లో సుగుణమ్మ పని. పక్షవాతం వచ్చి దేవదానానికి ఎడమవైపంతా పడిపోయినప్పటి నుంచి ఆ పని ఆమె ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. కిటికీ పక్కనున్న మంచం మీద ఆయన వీపు వెనక దిండ్లు పెట్టి, మెడ చుట్టూ పాత తువ్వాలు చుట్టి, చెంబుడు వేణ్ణీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చునేది. ఆమెకు కిడ్నీలు పాడైపోయి ఉన్నాయి. డయాలసిస్‌కు పోయొచ్చిన మర్నాడు చేతులు వణికేవి. అయినా వదిలేది కాదు.

"చెయ్యి వణకతాండాది. చెంప కోస్తావు చూడు," అనేవాడాయన, వంకరపోయిన నోటితో ముద్దముద్దగా.

"కోస్తే కోసినాలే. ఇన్నేండ్లు నువ్వు నా పానం కోసినదానికి అది చాలదు."

ఆ సుగుణమ్మ ఇప్పుడు లేదు. వానలు మొదలైన నెలలో, ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలోనే కూతురి భుజం మీద తల వాల్చి పోయింది. ఇప్పుడు గడ్డం గీయడం కూతురు కరుణ పని. ఆమెకింకా చెయ్యి కుదరలేదు. సుగుణమ్మ చెవి దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చేది. కరుణ మరచిపోయి గవదకిందే మొదలుపెడుతుంది. అప్పుడు నాయన కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా చెవి దగ్గరికి తీసుకుపోయి వదులుతాడు. ఆ పట్టుకోవడంలోనే కరుణకు అమ్మ గుర్తొచ్చి కళ్ళు మసకలవుతాయి. బ్లేడు చేతిలో ఉంది కదా అని ఆపుకుంటుంది.

దేవదానం మదనపల్లె దిక్కునుంచి పడుచువయసులో కన్నడసీమకు వచ్చిన మనిషి. అత్తిబెలెలో ఇనుము పోతపోసే కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా బతుకంతా గడిపాడు. ఇస్త్రీ మడత నలగని ఖాకీ చొక్కా, నున్నటి గడ్డం, ఏ పెద్దసారు కారు వచ్చినా ఠక్కున సెల్యూటు. "ఆల్ ఓకే సార్" అనేది ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో సగం. గేటు దగ్గర రాత్రి దొంగతనం జరిగినా, తనకు నూటమూడు జ్వరం ఉన్నా, పొద్దున సారు దిగగానే ముందు ఆ మాటే వచ్చేదని సుగుణమ్మ ఎగతాళి చేసేది.

అందరూ కలిసి ఉండేది చందాపురలో బాడుగింట్లో. కరుణ భర్త నతానియేల్‌కు పనిచేసే చోట షిఫ్టులు తగ్గించేశారు. కరుణ పెళ్ళికి ముందు గార్మెంట్స్‌లో కుట్టింది. మళ్ళీ పోతే ఇల్లు నడుస్తుంది. పోతే నాయన దగ్గర ఎవరుంటారు? కుందలహళ్ళిలో ఒక్క గదిలో సంసారం చేస్తున్న తమ్ముడు జోసెఫ్, ఎవరో నడిపే ముసలివాళ్ళ హోము ఒకటుంది, అక్కడ చేర్చుకుంటారట, అడిగి పెట్టానని ఫోనులో చెప్పాడు. చెప్పి చాలాసేపు ఫోను పట్టుకునే ఉన్నాడు. వాడికీ ఇష్టం లేదు పాపం.

మంచం పట్టినవాళ్ళను ఇంట్లోనే చూసుకునేవాళ్ళకు సర్కారు నెలనెలా ఇచ్చే సాయం ఒకటుందని చెప్పింది భవ్య. ఆ వీధికి వచ్చే ఆశా కార్యకర్త ఆ అమ్మాయి. ఆ సాయం వస్తే కరుణ ఇంట్లోనే ఉండవచ్చు. రాకుంటే ఆమె మిషను మీదికి, నాయన హోముకు. అంతకు మించి దారి లేదు.

సుగుణమ్మ బతికుండగానే అర్జీ పెట్టారు. ఇంటికొచ్చి చూసిపోయే ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. ఆ రోజు సుగుణమ్మకు డయాలసిస్ అయి ఒక్క రోజే. పడుకోమ్మా అని కరుణ ఎంత చెప్పినా వినలేదు. ఆఫీసరు ఇంటికొస్తుంటే మొగుడు మాసిన బట్టల్లో కనబడటమా? తానే లేచి గోడ పట్టుకుని నిలబడి తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. గడ్డం రెండుసార్లు గీసింది. తల దువ్వి పౌడరు అద్దింది. అల్లుడిచేత కుర్చీలోకి ఎత్తించి, పడకుండా నడుముకు చీర ఒకటి కట్టి, అది కనబడకుండా పైన దుప్పటి కప్పింది. గదిలో వాసన లేకుండా అగరొత్తులు వెలిగించింది. వీపు మీద పుండుకు కట్టు మార్చి చొక్కా గుండీలు మెడ దాకా పెట్టింది.

గిరీష్ అనే ఆ ఆఫీసరు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆయన చేతిలో ఫైలు కనబడిందో లేదో, దేవదానం కుడిచెయ్యి దానంతటది లేచి నుదుటికి తగిలింది. వీపు నిటారుగా అయింది. ఆ చీరే ఆపిందో, ఆ పాత ఉద్యోగమే ఆపిందో, మనిషి ఒరగలేదు.

"ఎలా ఉన్నారు తాతా?" అని అడిగాడు గిరీష్, వచ్చిన తెలుగులో.

"ఆల్ ఓకే సార్."

గిరీష్ నవ్వాడు. "చెన్నాగే ఇదారల్లమ్మా," బాగానే ఉన్నారు కదమ్మా అని కరుణ వైపు తిరిగాడు. కరుణ ఏదో చెప్పబోయింది. రాత్రులు ఎలా ఉంటుందో, దుప్పట్లు ఎన్ని తడుస్తాయో. చెప్పాలంటే నాయన ముందే చెప్పాలి. తెల్లచొక్కాలో కూర్చున్న మనిషిని చూసి, జారుతున్న దుప్పటి అంచు సర్దింది. ఆఫీసరుకు సుగుణమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన తాగి, రాసుకుని పోయాడు.

కూర్చోగలడు, చెయ్యి ఆడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు, తోడు మనిషి అక్కరలేదు. అర్జీ అట్లా వెనక్కి వచ్చింది. సుగుణమ్మ మాత్రం, ఆ సారు మర్యాదస్తుడు, మీ నాయన్ని తాతా అన్నాడు అని చాలా రోజులు చెప్పుకుంది. ఆమె తృప్తిని చెడగొట్టడం ఎందుకని అర్జీ ఏమైందో కరుణ ఆమెకు చెప్పలేదు. అది తెలియకుండానే ఆమె పోయింది.

అమ్మ దినాలు అయ్యాక భవ్యే మళ్ళీ అర్జీ పెట్టించింది. గిరీష్ గురువారం వస్తాడని తెలిశాక ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడి మాట్లాడింది.

"అక్కా, ఈసారి తాతను పెండ్లికొడుకును చేయొద్దు నువ్వు. గడ్డం గీయొద్దు. కుర్చీ వద్దు. అగరొత్తులు వద్దు."

"తడిలో పండబెట్టమంటావా?"

"నేనట్లా అన్నానా? అబద్ధమాడమంటా లేను. ఉండేది ఉండేట్లు కనబడనీ అంటాండా. మీ అమ్మ దాచిపెట్టి దాచిపెట్టి ఏమాయె చూడు."

ఆ చివరి మాట అన్నాక భవ్య నాలుక కరుచుకుంది. ఆ పిల్ల చెప్పింది నిజమే. నిజమే కాబట్టి కరుణకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. అమ్మ బతుకంతా చేసింది అదే కదా. బియ్యం లేనిరోజు పొయ్యి మీద ఉత్త నీళ్ళు పెట్టి పక్కింటివాళ్ళకు పొగ కనబడేట్లు చేసిన మనిషి.

ఆ పొద్దు నుంచి కరుణ గడ్డం ముట్టలేదు. మొదటిరోజు నాయన వేణ్ణీళ్ళ చెంబు కోసం చూశాడు. రెండోరోజు కుడిచేత్తో చెంప తడుముకుని ఆమె వైపు చూశాడు. సబ్బు అయిపోయిందని చెప్పింది కరుణ. సబ్బు డబ్బా కిటికీలోనే ఉంది. ఆయన అటు చూసి, మళ్ళీ కూతురి మొహం చూశాడు. బుధవారానికి తెల్లగా ముళ్ళలాగా పెరిగిపోయి, బుగ్గలు లోపలికి పోయిన మొహం ఇంకెవరిదోలాగా కనబడింది.

గురువారం పొద్దున అడిగాడు.

"ఎవురన్నా వస్తాండారా అమ్మీ?"

"ఆఫీసరు వస్తాడు నాయనా."

"గడ్డం?"

"ఈ పొద్దు వద్దులే."

ఆయన కిటికీ వైపు చూసి, "మీయమ్మ ఉంటే గీసుండు," అన్నాడు. కోపంగా కాదు. ఉన్నమాట చెప్పినట్లు అన్నాడు. కరుణ గిన్నె తీసుకుని దొడ్డివైపు పోయి, కొళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

గిరీష్ వచ్చేసరికి దేవదానం మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. మనిషిని చూడగానే కుడిచెయ్యి లేచింది. నుదుటి దాకా పోలేదు. దారిలో చెంపకు తగిలి, ఆ ముళ్ళమీద ఆగి, దిండు మీద పడిపోయింది. ఎలా ఉన్నారు తాతా అని అడిగితే ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఈసారి కరుణ చెప్పింది. గోడ వైపు తిరిగిన ఆ తల వినేట్లుగానే, తడిసే దుప్పట్లు, ముద్ద నోట్లో పెట్టడం, రాత్రిపూట అరుపులు, అన్నీ చెప్పింది. పక్కకు తిప్పి వీపు మీద పుండు చూపించింది. తన నాయన్ని సంతలో పశువును తిప్పి చూపినట్లు చూపిస్తున్నానని అనిపించింది. చెయ్యి ఆపలేదు.

గిరీష్ రాయడం ముగించి ఫైలు కట్టాడు. పోయినసారి ఎంత నీటుగా పెట్టారమ్మా, ఇంట్లో ఒక పెద్దామె ఉండేవారు కదా అని అడిగాడు. ఆమె పోయిందని కరుణ చెప్పింది. ఆయన గొంతు తగ్గించాడు.

"నేను రాశానమ్మా. పోయినసారి వేరే రాశాను కదా, అందుకని డాక్టరుగారు కూడా వచ్చి చూడాలి. రేపో, వచ్చేవారమో. చెప్పి రారు."

వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "అంతవరకు ఇట్లనే ఉండనీండి."

కాఫీ వద్దన్నాడు.

బండి చప్పుడు సందు చివర తిరిగిపోయాక కరుణ లోపలికి వచ్చి వేణ్ణీళ్ళు పెట్టింది. ఆఫీసరు పోగానే గడ్డం గీయడానికని పొద్దునే పట్టి పెట్టుకున్న నీళ్ళే అవి. చెంబు, తువ్వాలు తెచ్చింది. దుప్పటి మార్చింది. ఒళ్ళు తుడిచింది. పుండుకు కొత్త కట్టు వేసింది. కాళ్ళకు నూనె రాసింది. నాయన ఇంకా గోడ వైపే చూస్తున్నాడు. తువ్వాలు మెడకు తగలగానే ఇటు తిరిగాడు. కుడిచెయ్యి పైకి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, ఎప్పటిలాగే, మెల్లగా చెవి దగ్గరికి తీసుకుపోయి వదిలింది.

కరుణ చెయ్యి అక్కడే కాసేపు ఉంది. అందులో బ్లేడు లేదు. ఆమె చెవి వెనక తడి గుడ్డతో తుడిచింది, చెంప మీది నుంచి కిందికి గవద దాకా తుడిచింది, వెండ్రుకల దిశలోనే, మెల్లగా. కిటికీలోని సబ్బు డబ్బా తీసి, స్టూలు వేసుకుని, అటక మీదున్న అమ్మ ట్రంకుపెట్టె వెనకాలకు దాన్ని తోసేసింది.

దిగి వచ్చి చెంబులో మిగిలిన వేణ్ణీళ్ళు దొడ్లో పారబోసింది.