మంద రాని ఏడు

మాకు గొర్లు లేవు కానీ, మా మెట్ట చెలకకు ఉండేవి. ఎండాకాలం పంట తీసేయగానే మా ఊరి కురుమ మామ తన మందను తోలుకొచ్చి, తడికలు పాతి, రోజుకో మడిలో రాత్రంతా పడుకోబెట్టేవాడు. తెల్లారేసరికి ఆ మడికి కావలసిన ఎరువు పడి ఉండేది. బదులుగా మామకు జొన్నలు, అమ్మ వండిన కూర. గొర్లకు మేం చేసిన మర్యాద ఏమీ లేదు. అవీ ఏమీ అడగలేదు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం మంద రాలేదు. మామ దాన్ని అమ్మేసి, ఊళ్లో ఉంటూనే పోయొచ్చేలా వరంగల్‌లో బట్టల మిల్లులో చేరాడట. ఓ ఆదివారం మేం చర్చి నుంచి వస్తుంటే దారిలో కలిశాడు, ఇస్త్రీ చొక్కాతో. అంతకుముందే పాస్టరుగారు మంచి కాపరి గురించి గంటసేపు చెప్పి ఉన్నారు.

"గిట్ల జేస్తివేంది బావా? నా చెలక ఏం గావాలె?" అన్నాడు నాన్న, కొంప మునిగినట్టు.

"నీ చెలక కోసం నేను బతుకుతాన్నా బావా? ఎండకు, వానకు వాటెంబడి తిరిగి కాళ్లరిగినయ్. గిప్పుడు గంట గొట్టంగనే ఇంటికి పోతాన."

"పోనీ మామా, మిల్లుల గొర్లు తప్పిపోయే ఫికరు లేదు," అన్నాను.

"గొర్లేంది అల్లుడా, గేటు కాడ మమ్ములనే మందలెక్క తోల్తరు," అని నవ్వాడు.

ఆ వానకారుకు నాన్న సర్కారు ఎరువు తెచ్చాడు. తెల్లగా, ఉప్పులా ఉంది. మొక్కకు చిటికెడు చాలన్నారు. గంపలకొద్దీ పెంట చూసిన నాన్నకు చిటికెడు మీద నమ్మకం కుదరలేదు. "గింతతోని ఏమైతది?" అని ప్రతి మిరప మొక్కకూ దోసెడు పెట్టాడు. వారం తిరక్కుండా ఆకులు మాడిపోయాయి. ఇక మిరపకాయలు కల్లంలో ఎండబెట్టే పని తప్పిందన్నాను. అమ్మ చూసిన చూపుకు, మిగిలిన మొక్కలు కూడా ఎండాల్సింది.

పంట పోయింది సరే, నేల కూడా పోతుందేమోనని నాన్న భయం. నాగలి వేస్తే మట్టి పెంకుల్లా లేచేది. మళ్లీ ఎండాకాలం రాగానే సిగ్గు విడిచి మామ ఇంటికి వెళ్లాడు. మంద అమ్మినా, పిల్లల పాలకని మామ రెండు మేకలను అట్టే పెట్టుకున్నాడు. ఆ ఆదివారమే వాటిని తోలుకొచ్చి మా చెలకలో కట్టేశాడు.

"ఇగో బావా, నీ మంద."

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. తడికలు పాతాడు. మామ మిల్లుకు పోయే రోజుల్లో వాటిని మేపే నౌకరి నాన్నకు పడింది.

ఎండాకాలం అయిపోయేసరికి రెండు మేకలతో ఒక మూల బాగుపడింది. మిరప అక్కడే పెట్టాం. తక్కినదంతా బీడు. గొర్లు చిగుళ్లు కొరికి అణచి ఉంచిన రేగు కంప, అడిగేవాళ్లు లేక పక్కనున్న గుట్ట మీద ఏపుగా లేచి, మెల్లగా మా బీడులోకీ దిగింది. కుందేళ్లు వచ్చాయి, కౌజు పిట్టలు వచ్చాయి. చెలక చెడిందని ఏడ్చింది మేమే, వాటికి ఆ విషయం తెలిసినట్టు లేదు.

ఓ పొద్దున నాన్న కంప కొట్టడానికి కొడవలి పట్టుకుని వెళ్లాడు. మేకలు అప్పటికే తడిక మీంచి కంపలోకి మెడలు చాచి మేస్తున్నాయి. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత కొడవలి గట్టు మీద పెట్టి, తడికను నాలుగడుగులు కంప వైపు జరిపాడు.