ఎనిమిది వైర్ల వరుస

డెబ్బైల చివర్లో బెంగళూరు-మద్రాసు దారిలో, సూళగిరి దగ్గర హైవే పక్కన మా మామ మెకానిక్ షెడ్డులో పనిచేసేవాణ్ణి. మామ పనిమంతుడే గానీ చదువు లేదు. పార్టుల డబ్బాల మీద రాత చదివిపెట్టడం నా వంతు. లారీలూ ఎప్పుడో ఒక అంబాసిడరూ తప్ప వేరే బండి ఎరగని ఆ షెడ్డుకు ఒక మధ్యాహ్నం రేడియేటర్ కారుతూ ఆస్ట్రేలియా కారొకటి వచ్చింది. దాన్ని నడిపే తెల్లాయన దేశాలు తిరుగుతున్నాడట. కాగితాల పని మీద బస్సులో బెంగళూరు పోయి మూడో రోజు పొద్దున వస్తానన్నాడు. ఆ సాయంత్రానికి కారు మద్రాసు రేవు చేరకపోతే ఓడ వెళ్ళిపోతుంది. తయారుగా ఉంచుతానని మామ మాటిచ్చాడు.

బానెట్ ఎత్తి చూశాక నాకు బుర్ర పనిచేయలేదు. నాలుగు సిలిండర్లు ఈ పక్క, నాలుగు ఆ పక్క, రెండు వరుసలూ ఏటవాలుగా దిగి కింద కలుసుకుంటున్నాయి. మధ్యలో కార్బురేటర్, దానికే నాలుగు నోళ్ళు. పది టన్నులు లాగే మా లారీకి ఆరు సిలిండర్లు చాలు, ఇద్దరు మనుషుల్నీ ఒక పెట్టెనూ మోసే దీనికి ఎనిమిదెందుకు? ముందు బానెట్ బారెడు, వెనక సీట్లో మోకాళ్ళు పట్టవు. దీన్ని గీసినవాడు ముందు ఇంజను గీసేసి మనుషుల్ని తర్వాత తలచుకున్నాడేమో. మామను అడిగితే, వాళ్ళ దేశంలో దారులు ఎంత పొడుగో ఏమో అన్నాడు. ఆ జవాబుతో నా అయోమయం ఇంకాస్త పెరిగింది.

రేడియేటర్ ఆ రోజే అతికాం. మర్నాడు ఆయుధపూజ. షెడ్డులో ఉన్న ప్రతి బండినీ తుడిచి బొట్టు పెడతాం, పరాయిదని దీన్ని వదిలేస్తామా? నేను ఉత్సాహం ఎక్కువై సిలిండర్లకు నిప్పురవ్వ అందించే ఎనిమిది ప్లగ్గు వైర్లూ ఒక్కసారే పీకి తుడిచాను. అంబాసిడర్‌కు ఉండేవి నాలుగే, వాటి వరుస నోటికి వచ్చు. వీటిలో ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలని తోచలేదు. ఇంజను నడినెత్తిన గంధం మెత్తి కుంకుమ అద్దాను. పూజలో పెట్టిన బండ్లూ పనిముట్లూ మర్నాటి దాకా ముట్టం కాబట్టి వైర్లు తగిలించడం మూడో రోజుకు మిగిలింది.

తెల్లవారగానే ముందు నుంచి వెనక్కి వరుసగా తగిలించాను. ఇంజను ఢామ్మంది, కార్బురేటర్ లోంచి మంట లేచింది. ఇటొకటి అటొకటి మార్చి చూశాను. లాభం లేదు. షెడ్డు పెట్టినప్పటి నుంచి మాట తప్పని మామ చెమట తుడుచుకుంటూ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆయన మాట నా వల్ల పోతోంది.

తెల్లాయన వచ్చాడు. నాకొచ్చిన ఎనిమిదో తరగతి ఇంగ్లీషులో తప్పు నాదేనని చెప్పేశాను. ఆయన తిట్టలేదు. జేబురుమాలుతో గంధం తుడిచాడు. కింద ఇనుములోనే పోతపోసిన అంకెలు: 1 3 7 2 6 5 4 8. ఏ సిలిండర్ తర్వాత ఏది మండాలో ఇంజను చేసినవాళ్ళే దాని మీద రాసిపెట్టారు. ఒకటి తర్వాత మూడెందుకు, అక్కణ్ణించి ఎదుటి వరుసలో ఏడెందుకు అని అడిగాను. దెబ్బలన్నీ ఒకే వైపు పడితే లోపలి ఇరుసు అదిరిపోతుందని అగ్గిపుల్లలు పేర్చి చూపించాడు. తలూపాను గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన అంకె చెబుతుంటే వైర్లు తగిలించాను. తాళం తిప్పగానే షెడ్డు రేకులు గలగలలాడాయి. ఆయన మామ చేయి పట్టుకుని ఊపి కృష్ణగిరి వైపు వెళ్ళిపోయాడు.

దుమ్ము అణిగాక మామ నా పక్కన కూర్చున్నాడు.

“నువ్వు సదివినోడివి గదప్పా. ఆ నంబర్లు నీకు కనపడలేదా?”

కనపడ్డాయి. గంధం పెట్టేటప్పుడు వేలికి తగిలాయి కూడా. కంపెనీ నంబరేదో అనుకుని, ఆ గరుకు మీద గంధం బాగా పడుతుందని అక్కడే మెత్తాను.

“మడ్డి కప్పుండె మామా. ఏమీ కనపడలా,” అన్నాను.

పరాయివాడి ముందు తప్పు ఒప్పుకున్నవాణ్ణి మామకు నిజం ఎందుకు చెప్పలేదో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

“పోనీలేప్పా,” అన్నాడు మామ. “ముందే గీకి తుడవమని నేను చెప్పలే. తప్పు నాదే.”