ముప్పై రెండు అంగుళాల కడుపుమంట

టైలరుకు తన తోడల్లుడంటే పడదు. ఎందుకయ్యా అంటే, చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ఆ మనిషి నడుము పెరగడం లేదు. అంతకు మించి వేరే పగేమీ లేదు.

తోడల్లుడు పోస్ట్‌మాన్. టైలరు భార్యకు సొంత చెల్లెలి మొగుడు, టైలరుకంటే రెండేళ్ళే చిన్న. పెళ్ళయినప్పటి నుంచి అతని ప్యాంట్లన్నీ టైలరే కుడుతున్నాడు. కొట్లో బీరువా నిండా కొలతల పుస్తకాలున్నాయి. ముప్పైతో మొదలైన గుమాస్తాలు, పంతుళ్ళు, దుకాణదారులు అందరూ నలభై దాటిపోయారు. పోస్ట్‌మాన్ పేజీలో మాత్రం ఇరవై రెండేళ్ళుగా నడుము ముప్పై రెండే. టేపు వెయ్యడమే దండగ. అయినా టైలరు ప్రతిసారీ వేసేవాడు, ఈసారైనా పెరిగి చస్తాడేమోనని.

పోస్ట్‌మాన్ సంచి భుజాన వేసుకుని రోజంతా నడుస్తాడు. టీలో చక్కెర వేసుకోడు. పొద్దు వాలగానే తినేస్తాడు, ఇంకాస్త వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెడతాడు. టైలరు లెక్కలో ఇదంతా గొప్పలకు పోవడమే. తనేమో పొద్దున మిషను ముందు కూర్చుంటే మళ్ళీ లేచేది లేదు. గ్లాసు టీకి మూడు చెంచాల చక్కెర, రోజుకు ఆరు గ్లాసులు. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి. రాత్రి కంచం నిండా వేపుళ్ళు లాగించి, చెయ్యి కడుక్కోవడం ఆలస్యం, మంచం ఎక్కేస్తాడు.

లోకంలో అందరికీ ప్యాంటు బిగుసుకుపోయి బుద్ధి చెబుతుంది. పాపం, టైలరుకు ఆ యోగం లేదు. తన ప్యాంట్లు తనే కుట్టుకుంటాడు, లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి పెట్టుకుంటాడు. కాస్త పట్టేసినట్టు అనిపిస్తే కుట్టు విప్పి వదులు చేసుకుంటాడు. ఇంతమందికి కొలతలు రాసిన మనిషికి ఆ పుస్తకాల్లో సొంత పేజీ ఒక్కటీ లేదు. ఈమధ్య కుడి కాలు తిమ్మిరెక్కుతోంది, నడిస్తే కుంటుతున్నాడు. కాలు పోతే మిషను పోయినట్టే, మిషను పోతే కొట్టు పోయినట్టే. అందుకే ఆ ఆలోచనను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఒకరోజు పోస్ట్‌మాన్ ప్యాంటు గుడ్డ తెచ్చి ఇచ్చాడు. క్యారియర్ పట్టుకొచ్చిన టైలరు భార్య అతని ముందే అనేసింది.

"మరిదిగారిని చూడండి, ఇంకా పెళ్ళికొడుకులా ఉన్నారు. మీరూ ఉన్నారు, ఎందుకూ!"

పోస్ట్‌మాన్ నవ్వాడు. ఆ నవ్వుకు టైలరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళిద్దరూ వెళ్ళేదాకా ఆగి, ముప్పై ఒకటికి కత్తెర వేశాడు. వృత్తిలోకి వచ్చాక కావాలని తప్పు కుట్టడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఇంకో రెండు టీలు ఎక్కువ తాగాడు.

నాలుగు రోజులకు పోస్ట్‌మాన్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అన్నయ్యా, కొత్త ప్యాంటు పట్టడం లేదు. గుండీ పెడితే ఊపిరాడటం లేదు."

"అయ్యయ్యో! కాస్త ఒళ్ళు చేసినట్టున్నావు తమ్ముడూ," అన్నాడు టైలరు. గొంతులో జాలి, కడుపులో సంబరం.

"నీ కుట్టు తప్పదుగా, నా ఒళ్ళే తప్పింది. నాకు భయంగా ఉందన్నయ్యా. రేపు పరీక్షలు చేయించుకుంటా, తోడు రావూ?"

రాకేం చేస్తాడు! అతని రిపోర్టు పాడుగా వస్తే కళ్ళారా చూడొద్దూ? మర్నాడు రక్తం ఇచ్చేచోట పోస్ట్‌మాన్, "ఎలాగూ వచ్చావు, నువ్వూ ఇవ్వన్నయ్యా, నాకు ధైర్యంగా ఉంటుంది," అంటే, ఓస్ ఇంతేనా అని చెయ్యి చాపాడు.

సాయంత్రం డాక్టరమ్మ కాగితాలు చూసి పోస్ట్‌మాన్‌తో, "మీకేం లేదు, నిక్షేపంలా ఉన్నారు," అంది. టైలరు మొహం మాడిపోయింది. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మీకు షుగరు ఎన్నాళ్ళ నుంచి?"

"నాకు షుగరేమిటండీ!"

ఆవిడ వాదించలేదు. చెప్పులు విప్పించి కుడి పాదం ఎత్తి చూసింది. మడమలో గుండుసూది, తలకాయ దాకా దిగి ఉంది.

"ఇదెప్పుడు గుచ్చుకుంది?"

టైలరు తన కాలిని ఎవరిదో కాలిలా చూశాడు. నొప్పి లేదు.

"సూది దిగినా తెలియలేదంటే పాదంలో స్పర్శ పోతోందన్నమాట. ఇదొక్కరోజులో వచ్చింది కాదు, ఇన్నేళ్ళ తిండి, ఇన్నేళ్ళ కూర్చోవడం. మందులు వాడి, ఇప్పటికైనా దారికొస్తే కాలు కాపాడుకోవచ్చు. రాకపోతే నేను మాట ఇవ్వలేను," అంది డాక్టరమ్మ.

బయట బల్ల మీద కూర్చున్నాక టైలరు నీళ్ళు నమిలాడు.

"తమ్ముడూ... నువ్వు ఒళ్ళు చెయ్యలేదు. నేనే అంగుళం తగ్గించి కుట్టా."

"తెలుసన్నయ్యా."

"ఎలా తెలుసు?"

"పాత ప్యాంట్లు నాలుగున్నాయిగా ఇంట్లో. అన్నీ సరిపోతున్నాయి."

అంత చిన్న సంగతి తనకు తట్టనందుకు టైలరు నోరు తెరిచాడు. "మరి భయమన్నావు?"

"భయమే. నువ్వు కుంటుతున్నావని వదిన నెల్లాళ్ళుగా ఏడుస్తోంది. నీ కోసం రమ్మంటే నువ్వు వచ్చే రకమా?"

టైలరుకు ముందు సిగ్గు రావాలి. రాలేదు. ముందు వచ్చింది అసూయే. ఆఖరికి మంచితనంలోనూ వీడిదే పైచెయ్యా! "తిట్టుకోవడానికైనా సందివ్వవు కదరా," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కొట్టుకు వెళ్ళాక పుస్తకంలో కొత్త పేజీ తీసి, టేపు అతని చేతికిచ్చాడు.

"నలభై మూడు," అన్నాడు పోస్ట్‌మాన్. "ఊపిరి వదులన్నయ్యా... నలభై నాలుగున్నర."

టైలరు అలాగే రాసుకున్నాడు. కొక్కేనికి తను కొత్తగా కుట్టుకున్న ప్యాంటు వేలాడుతోంది. దాన్ని తీసి తిరగేసి, నడుము దగ్గర లోపల మడిచి పెట్టుకున్న నాలుగు వేళ్ళ గుడ్డనూ కత్తెరతో కోసి పారేశాడు.