బాలకృష్ణయ్య పుస్తకంలో లేని పేరు

బాలకృష్ణయ్యను పొగిడేవాళ్లు ఆదోనిలో చాలామంది ఉన్నారు. ఆ పని వాళ్లు చూసుకుంటారు. నేను అతని మీద కడుపుమంటతో ఇరవై ఏళ్లు బతికినవాణ్ణి. మనసు పడ్డవాడికంటే కుళ్లుకునేవాడు మనిషిని బాగా గమనిస్తాడు. అందుకని అతని చదువు కథ చెప్పే అర్హత నాకే ఎక్కువ ఉందనుకుంటున్నాను.

మేమిద్దరం హైస్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఎస్సెస్సెల్సీలో లెక్కల్లో నాకు ఎనభై ఆరు, అతనికి నలభై ఒకటి. చరిత్రలో కూడా నాదే పైచేయి. ఆ ఎండాకాలమే మా నాయన పోయాడు. పత్తి మార్కెట్‌లో ఆయన చేసే దలాలీ పని నా మెడకు చుట్టుకుంది. బాలకృష్ణయ్యకు ఇద్దరు అన్నలున్నారు. ధాన్యం అంగడి వాళ్లు చూసుకున్నారు కాబట్టి అతను మద్రాసు పోయి ఎమ్మే చదివాడు. నలభై ఒకటి మార్కులవాడు రైలెక్కాడు, ఎనభై ఆరు మార్కులవాడు పత్తి బోరాల్లో చెయ్యిపెట్టి దూది లాగి చూస్తూ కూర్చున్నాడు. దీన్ని విధి అని సరిపెట్టుకోమని మా అమ్మ చెప్పేది. నేను సరిపెట్టుకోలేదు.

పందొమ్మిది వందల యాభై ఒకటిలో అతను సెలవు పెట్టి ఆదోనికి వచ్చాడు. అప్పటికి మా ఊరు బళ్లారి జిల్లాలోనే ఉంది. దూరంగా ఏదో కాలేజీలో రాజనీతి లెక్చరరు ఉద్యోగం దొరికింది, డాక్టరేటుకు పరిశోధన కూడా మొదలుపెట్టాడు. విషయం ఏమిటని అడిగితే ‘రాజకీయ అతివాదం’ అన్నాడు. వాళ్ల నాయనకు ఆ మాట నోరు తిరగక, అంగడికి వచ్చినవాళ్లతో మావాడు మొండోళ్ల గురించి చదువుతాండాడు అని చెప్పుకునేవాడు. నిజానికి అది అంత తప్పేమీ కాదు.

తుంగభద్ర అవతలి గట్టు నలభై ఎనిమిది దాకా నైజాం రాజ్యం. అక్కడ రజాకార్ల ఆగడాలకు తట్టుకోలేక జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని మా వైపు వచ్చేవాళ్లు. అది చూసి మా వైపు పల్లెల్లోని కొందరు కుర్రవాళ్లు తుపాకులు పట్టి ఏరు దాటారు. సుంకం చౌకీలు కాల్చారు, ఇంకా ఏవేవో చేశారు. అంతవరకు వాళ్లలో ఎవరూ కోడిని కూడా కోసి ఎరగరు. సైన్యం వచ్చి నైజాం దిగిపోయాక చాలామంది మడకలు దున్నుకోవడానికి తిరిగి వచ్చారు. కొందరు మాత్రం ఆ తుపాకీ దింపలేకపోయారు. నెమ్మదైన రైతు తుపాకీ ఎందుకు పట్టాడు, పట్టినవాడు పని అయిపోయాక కూడా ఎందుకు దింపలేదు? ఇదీ బాలకృష్ణయ్య తెలుసుకోవాలనుకున్నది.

కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని, నోటుపుస్తకం చంకన పెట్టుకుని కౌతాళం వైపు పల్లెలన్నీ తిరిగాడు. జనం మర్యాదగా మంచం వాల్చారు, జొన్నరొట్టె పెట్టారు, మజ్జిగ పోశారు, బస్సు దాకా సాగనంపారు. ఒక్క మాట కూడా చెప్పలేదు. హొళగుందలో ఒకాయన తెలుగులో అడిగినదానికంతా కన్నడలో గొత్తిల్ల, తెలియదు, అన్నాడట. మూడు వారాలు తిరిగి అరికాళ్లకు బొబ్బలు తెచ్చుకుని నా దగ్గరికి వచ్చాడు. అతని మొహం చూసి నాకు ఎంత హాయి కలిగిందో దాచను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అక్కడితో వదిలేస్తే పోయేది. కానీ నాకు తెలిసింది అతనికి తెలియదని చూపించుకోవాలన్న యావ ఒకటి ఉంటుంది కదా. ఆ రైతులు మా మార్కెట్‌కు పత్తి తెచ్చేవాళ్లే. వాళ్లు నోరు ఎందుకు విప్పరో నాకు తెలుసు. ఏరు దాటే ముందు గట్టు మీద గంగమ్మకు పసుపు నీళ్లు పోసి, అవతల జరిగింది ఇవతల నోటితో పలికేది లేదని ఒట్టు పెట్టుకున్నారు. దేవతకిచ్చిన మాటను ఎమ్మే చదువు కోసం ఎవరు తప్పుతారు?

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. బేరం నోటితో చేయం. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. దాని కింద ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ యాభైమంది నిలబడినా మాట బయటికి పొక్కదు. పశువుల సంతలోనూ ఇదే పద్ధతి. యాభై రెండు జనవరిలో ఎమ్మిగనూరు జాతరకు ఎద్దుల పరస కూడినప్పుడు బాలకృష్ణయ్యను వెంటపెట్టుకుని వెళ్లాను. అతన్ని దూరంగా చాయ అంగట్లో కూర్చోబెట్టి, ఏరు దాటినవాళ్లలో ఒకడి దగ్గరికి నేను పోయాను. ఇతన్ని లక్ష్మప్ప అంటాను. అది అసలు పేరు కాదు, ఊరి పేరు కూడా చెప్పను.

లక్ష్మప్ప తన ఎద్దుల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని, తువ్వాలు పరిచి చెయ్యి చాచాను. అవునంటే బొటనవేలు, కాదంటే చిటికెనవేలు, లెక్కయితే అన్ని వేళ్లు పట్టుకోమన్నాను. ఏమి అడగబోతున్నానో చెప్పాను. అతను ఏరు ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టాడు. తర్వాత తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

“ప్రమాణం నోటికి సేసినానప్పా, సేతికి సేయలేదు” అన్నాడు.

ఎంతమంది పోయారు, ఎంతమంది తిరిగి వచ్చారు, తుపాకులు ఎన్ని. అన్నీ చెప్పాయి ఆ వేళ్లు. మధ్యలో ఆలూరు రైతు ఒకడు వచ్చి, మా బేరం చూసి ఎద్దులు చేజారిపోతాయనుకుని, మీదికి పాతిక రూపాయలు ఇస్తానని ఎగబడ్డాడు. లక్ష్మప్ప ఎద్దులు అమ్మడానికి తేలేదు, చూపించడానికి తెచ్చుకున్నాడు. వాణ్ణి వదిలించుకునేసరికి తలప్రాణం తోకకు వచ్చింది.

అట్లా రెండేళ్లు, నలభై మూడుమంది. పరసల్లో, సంతల్లో, మా పత్తి మార్కెట్‌లో. బాలకృష్ణయ్య కూడా తువ్వాలు కింద చెయ్యి పెట్టాలని చూశాడు. రైతులు ఆ మెత్తని చెయ్యి తగలగానే తమ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. చివరికి అడిగేది నేను, రాసుకునేది అతను. నేను లెక్కలు మాత్రం చెప్పేవాణ్ణి, ఏ వేళ్లు ఎవరివో చెప్పేవాణ్ణి కాదు. అదొక్కటీ నా దగ్గర ఉంచుకున్నాను. అన్నీ అతనికే ఎందుకివ్వాలి?

కానీ ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకుంటుంటే ఇప్పటికీ మంటే. ప్రశ్నలు అతనివి. ఒకరోజు చాయ తాగుతూ, “ఎన్నోసారి ఏరు దాటినప్పుడు భయం పోయిందో అడుగు” అన్నాడు. నేను వెయ్యేళ్లు బతికినా ఆ ప్రశ్న నాకు తట్టదు. అడిగాను. ఒకరి తర్వాత ఒకరు మూడు వేళ్లు పట్టుకున్నారు. మొదటిసారి ఎందుకు పోయావు, కోపంతోనా అని అడిగిస్తే చాలామంది చిటికెనవేలు పట్టుకున్నారు. పక్కింటివాడు పోయినాడు, నువ్వు పోలేదు, అందుకా అంటే బొటనవేలు.

దాని మీదే అతను తన సిద్ధాంతం కట్టాడు. నెమ్మదైనవాడి చేత తుపాకీ పట్టించేది పగ కాదు, ముందు పోయిన తోటివాడి మీద ఓర్వలేనితనం. మూడోసారికి భయం పోతుంది, భయం పోయాక కారణంతో పని ఉండదు. ఈ మాట నాకు చెప్పినప్పుడు, ఇది తెలుసుకోవడానికి మద్రాసు పోవాలా, నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

యాభై నాలుగులో డాక్టరేటు వచ్చింది. మరుసటి ఏడు అదే ఇంగ్లీషు పుస్తకమై వచ్చింది. నాకొక ప్రతి పోస్టులో పంపాడు. అంగట్లో పని ఆపి మొదటి పేజీలు తిప్పాను. కృతజ్ఞతలు రెండు పేజీలున్నాయి. ప్రొఫెసర్లు, లైబ్రేరియన్లు, టైపు కొట్టిన మనిషి, జాతరలో ఇల్లిచ్చిన ఎమ్మిగనూరు చేనేత ఆసామి, అందరూ ఉన్నారు. మల్లికార్జునయ్య అన్న నా పేరు లేదు. సమాచారం ఎట్లా సేకరించాడో చెప్పే అధ్యాయంలో తువ్వాలు ఉంది, వేళ్లున్నాయి, ‘పరిశోధకుడు అడిగాడు’ అని ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఆ వారమే ఆదోనిలో అతనికి సన్మానం. మొదటి వరసలో నన్ను కూర్చోబెట్టారు. శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా కొట్టాను. అతను నా వైపు చూడలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడ శాంతమ్మకు అదంతా పదోసారి చెబుతుంటే, ఆయన మీద ఉన్న ధ్యాసలో పావువంతు నా మీద ఉంటే ఈపాటికి నాకు కమ్మలు వచ్చేవి అంది. ఆ తర్వాత రెండేళ్లు నాకు ఒకటే కోరిక. నలుగురిలో ఎవరైనా ఒకసారి, ఆ ప్రశ్నలు అడిగింది నువ్వేనా అని నన్ను అడగాలి. నేను అవునని చెప్పాలి. అంతే.

యాభై ఏడులో అడిగారు.

ఏటి అవతల ఒక పల్లెలో చౌకీ దాడిలో చనిపోయిన పటేలు ఒకడున్నాడు. వాళ్లవాళ్లు ఎవరో పుస్తకం సంగతి విని, పదకొండుమంది ఫలానా చౌకీ మీద పడ్డారని అందులో ఉందని, వాళ్ల పేర్లు కావాలని అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన పోలీసు అధికారి తెలివైనవాడు. ముందు బాలకృష్ణయ్య పని చేసే కాలేజీకి పోయి, తర్వాత మా మార్కెట్‌కు వచ్చాడు. నా ఎదురుగా పత్తి బోరం మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. ఆ చేతులతో బేరం చేసే మనిషి కాదు ఈ రచయిత, చూడగానే తెలిసింది అన్నాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు.

“ఈ ప్రశ్నలు అడిగింది నువ్వేనా?”

చుట్టూ పదిమంది దళారులు, రైతులు. రెండేళ్లుగా నేను కలలు కన్న ప్రశ్న, నేను కోరుకున్నట్టే నలుగురిలో. అవును అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అవునంటే తర్వాతి ప్రశ్న పదకొండు పేర్లు. అప్పుడు నేను చెప్పింది ఇది.

“నాకేం తెలుసు సార్. నేను పత్తి పని మీద పోయినాను. అడిగింది, రాసింది అంతా ఆయప్పే.”

నా పేరు ఆ పుస్తకంలోంచి రెండోసారి కొట్టేసింది నేనే. లక్ష్మప్ప కోసం చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ క్షణాన నాకు లక్ష్మప్ప గుర్తు రాలేదు, లాకప్పు గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా బోరాల మధ్య కూర్చున్నాను.

అధికారి మళ్లీ బాలకృష్ణయ్య దగ్గరికి పోయాడు. అతను పేర్లు చెప్పనన్నాడు. నిజానికి పరసలో మొదటి రోజు విన్న లక్ష్మప్ప పేరు తప్ప అతనికి ఎవరి పేరూ తెలియదు. కానీ మల్లికార్జునయ్యను అడగండి, అతనికే తెలుసు అని ఒక్క మాట అంటే బయటపడేవాడు. అనలేదు. మూడుసార్లు పిలిపించారు, మూడుసార్లూ అనలేదు. కాలేజీ వాళ్లకు ఈ గొడవ నచ్చలేదు, ఉద్యోగం తీసేశారు. సాక్ష్యం లేక అర్జీ అక్కడితో ఆగిపోయింది. నమ్మి చెప్పినవాళ్లను కాపాడిన పండితుడని పేపర్లో రాశారు. అది చదివి కూడా నేను కుళ్లుకున్నాను. డిగ్రీ అతనిదే, పుస్తకం అతనిదే, చివరికి నోరు మూసుకున్న గొప్ప కూడా అతనిదే అయింది.

యాభై ఎనిమిది ఉగాదికి ముందు అతను ఆదోనికి వచ్చేసి అన్నల అంగట్లో కూర్చున్నాడు. నెల రోజులు నేను ఆ వీధిలో నడవలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం పోయాను. అంగట్లో ఎవరూ లేరు. కొర్రల్లో రాళ్లు ఏరుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను కానీ ఓదార్పు మాట రాలేదు. మూడేళ్లుగా లోపల నానుతున్నది ఒకటే వచ్చింది.

“నా పేరు యెందుకు రాయలేదప్పా?”

నన్ను కాపాడాలని ముందే ఆలోచించానంటాడేమో అనుకున్నాను. అట్లా అంటే ఇక జన్మంతా అతని కాళ్ల కింద ఉండాలి, దానికి కూడా సిద్ధపడే వచ్చాను. అతను చేటలోంచి తల ఎత్తలేదు.

“కుళ్లు” అన్నాడు. “నలభై మూడుమందిలో ఒక్కడన్నా నా సెయ్యి పట్టుకోలేదు. అందరూ నీ సెయ్యే పట్టుకున్నారు. ఆ అధ్యాయం నాలుగుసార్లు రాసినాను. నీ పేరు పెడితే నేను యాడా కనపడలేదు. తీసేసినాను.”

“మరి పోలీసులకు సెప్పలేదే?”

“రాయాల్సిన సోట రాయకుండా, పట్టిచ్చే సోట యెట్లా సెప్పేది? సిగ్గయింది.”

అతని వేళ్లు కొర్రల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఉద్యోగం పోయి, చదివిన చదువంతా మూలపడి, నలభై ఏళ్లు నిండకుండానే అన్నల మోచేతి కింద కూర్చున్న మనిషి. నేను అతనికి ఏమైనా చెప్పాలి. మార్కెట్‌లో నేనన్న మాట చెప్పాలి, అంతా నువ్వేనని నిన్ను చూపించి తప్పుకున్నానని చెప్పాలి. చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఎందుకంటే ఆ క్షణాన నాకు కలిగింది జాలి కాదు, పశ్చాత్తాపం కాదు. బాలకృష్ణయ్య నన్ను చూసి కుళ్లుకున్నాడన్న సంతోషం.