పెదనాయన కంబళి

కుక్కలు నా వెంట పడడం కొత్త కాదు గానీ, నన్ను నమ్మి నా వెంట నడిచినవి బతుకు మొత్తంలో రెండే రెండు. నిజం చెప్పాలంటే అవీ నన్ను నమ్మలేదు, నా మీదున్న కంబళిని నమ్మాయి. మొన్న చలికి అరుగు మీద ముసుగు తన్ని కూర్చుంటే, వీధికుక్క ఒకటి వచ్చి నా శాలువా వాసన చూసి, ‘ఓ, నువ్వా’ అన్నట్టు వెళ్లిపోయింది. నాలుగో తరగతిలో మా అయ్యవారూ నన్ను అచ్చం అలాగే చూశాడు. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు. ఆ కుక్క చూపుతో లంకమల కొండా, దాని మీది మూడు దొనలూ కళ్ల ముందుకొచ్చాయి. దొనలంటే బండల నడుమ వాననీళ్లు నిలిచే మడుగులు. ఎండాకాలం వరకూ మందలకు అవే దిక్కు.

మాది బద్వేలు పక్క పల్లె. అప్పుడు యుద్ధకాలం, బట్ట కూడా కార్డు మీద ఇచ్చే రోజులు. నన్ను పెంచింది మా పెదనాయనా, పెద్దమ్మా. ఆయన గొర్రెల మనిషి. నా ఎగతాళికి ఊరంతా తిట్టేది, ఆయనొక్కడే నవ్వేవాడు. ఆ ఏడు కొండ మీద జ్వరం తగిలి, మందను పెద్దమ్మ తమ్ముడికి అప్పగించి, తన రెండు కుక్కలతో ఇల్లు చేరాడు. మళ్లీ మంచం దిగలేదు. ఆయన పోయాక ఆ కర్రెదీ, తెగిన చెవిదీ గడప దగ్గర పడుకుని ముద్ద ముట్టడం మానేశాయి. కొండ వైపు తోలితే ఊరు దాటి మళ్లీ గడపకే వచ్చేవి. పక్కటెముకలు తేలాయి. మందలో కలిస్తే తప్ప బతకవు.

పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చేయడం మా ఆచారం. పెద్దమ్మ అన్నీ ఇచ్చింది, కంబళి మాత్రం ఇవ్వలేదు. తలకింద పెట్టుకుని పడుకునేది. నేను కుక్కల్ని కొండకు తోలుకుపోతానన్న పొద్దున దాన్నే తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇది కప్పుకోని పోరా. ఆయప్ప వాసనకన్నా నీ వెంట వస్తాయేమో. మా తమ్మునికి అప్పజెప్పి, కంబళి మాత్రం భద్రంగా తేవాల. నాకు మిగిలింది అదొకటే.”

తల మీంచి కప్పుకున్నాను. గొర్రెల వాసన, చుట్ట వాసన, పొగ వాసన. కర్రెది ముక్కెత్తింది, లేచింది. తెగిన చెవిదీ లేచింది. పెదనాయన ఎడమకాలు కాస్త ఈడ్చేవాడు. ఎందుకైనా మంచిదని నేనూ ఈడ్చాను.

మొదటి దొన చేరేసరికి నీళ్ల మీద ఇంకా మంచు కదులుతోంది. కుక్కలు రెండూ ఒడ్డున కూర్చుండిపోయాయి, ఎంత పిలిచినా లేవలేదు. అప్పుడు తట్టింది. దొన దగ్గర సద్ది విప్పితే మొదటి ముద్ద కుక్కలకే, తర్వాతే మనిషికి. అది పెదనాయన పద్ధతి. సంగటి తుంచి బండ మీద పెట్టాను. కంబళి వైపొకసారి చూసి, తిన్నాయి. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

రెండో దొన దగ్గర పెదనాయనకు బాగా నచ్చిన ఎగతాళి ఒకటి గట్టిగా చెప్పాను. కొండ దాన్ని తిరిగి నాకే చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

మూడోది చెరువంత ఉంటుంది. అవతలి ఒడ్డున మంద. నన్ను చూసి మామ కర్ర జారవిడిచాడు.

“ఆ కంబళీ, ఆ కుంటు చూసి నా గుండె నిలిచిపోయ గదరా! నువ్వా?”

“నేనే మామా. దయ్యంగా కూడా పనికిరాకపోతి.”

కుక్కలు మందను చుట్టి వచ్చాయి, గొర్రెలను వాసన చూశాయి. హమ్మయ్య అనుకుని నేను తిరుగుముఖం పట్టానో లేదో, నా వెనకే. మూడుసార్లు వదిలాను, మూడుసార్లూ వచ్చాయి. కంబళి మడిచి చంకలో పెట్టుకున్నా వచ్చాయి.

“అది ఉంటేనే నిలబడేటట్టుండాయిరా,” అన్నాడు మామ.

అది పెద్దమ్మ తలకింద ఉండేదని గుర్తొచ్చింది. ఆ పక్కటెముకలూ కళ్ల ముందే ఉన్నాయి. చివరికి కంబళి బండ మీద పరిచాను. రెండూ దాని మీద పడుకుని గడ్డాలు ఆనించాయి. నేను వెళ్తుంటే తల కూడా ఎత్తలేదు.

తిరుగుదారి పొడవైంది. కాలీడ్చే పని లేదు, ఎగతాళి వినేవాళ్లు లేరు. మొదటి దొన దగ్గర మిగిలిన సద్ది విప్పి, ముద్ద తుంచి పక్కకు చాచాను. చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ ముద్ద బండ మీదే పెట్టి లేచాను.

పొద్దుగూకే వేళకు వణుకుతూ ఇల్లు చేరాను. పెద్దమ్మ నా భుజాల వైపు చూసింది.

“అవి బతుకుతాయి పెద్దమ్మా,” అన్నాను. దారంతా కూర్చుకున్న మాటల్లో అదొక్కటే బయటికొచ్చింది. ఆమె పొయ్యి దగ్గర చోటు చూపించి, వేడి సంగటి పెట్టింది. ఆ రాత్రి నుంచి ఆమె తలకింద చెయ్యి పెట్టుకునే పడుకునేది.

మరుసటి చలికాలం, నా తప్పు కాస్త తేలిక చేసుకుందామని, “కొత్త కంబళి నేయిస్తాను పెద్దమ్మా, అచ్చం అట్లాంటిదే,” అన్నాను.

“నేయిచ్చురా, వద్దనేదెవురు?” అంది పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. “దానికి ఆయప్ప వాసన పట్టేదానికి నలభై ఏండ్లు పట్టింది. మళ్లా అంత పొద్దు నాకు యాడుండాది?”