రూతు పెదవుల మీది పాట

మద్రాసులో సినిమా చదువు చివరి ఏడు. పరీక్ష కోసం ప్రతి విద్యార్థీ ఒక చిన్న సినిమా తీసి చూపాలి. తోటివాళ్లు సముద్రం ఒడ్డున పడవలను తీశారు, హార్బరు కూలీలను తీశారు. ఇస్సాకు మాత్రం కెమెరా పట్టే స్నేహితుడు సారంగపాణిని వెంటబెట్టుకుని, మండే ఎండల్లో వరంగల్ వచ్చి సొంత అక్కను తీశాడు.

అక్క పేరు రూతు. మిషన్ బడిలో చిన్నపిల్లలకు టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. రూతు గొంతు లేస్తే వెనక బెంచీల మీద కునికే ముసలివాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. సినిమాలో ఆమె చేయాల్సిందల్లా పక్కింటి కట్టమ్మ బిడ్డను ఉయ్యాలలో వేసి జోకొట్టడం. పాట ఆమె సొంతంగా కట్టింది.

"వాన వెలిసిపోయె పిట్టా, వాకిలారిపోయె
అమ్మ నడిచి వస్తాంది, కన్ను ముయ్యవె బిడ్డా"

ఆ కెమెరా బొమ్మను పడుతుంది తప్ప మాటను పట్టదు. పాటను తర్వాత మద్రాసులో విడిగా రికార్డు చేసి, పెదవుల కదలికకు అతికించాలి.

"అయితే నేను మద్రాసు రావాల్నా?" అంది రూతు సంబరంగా.

"రావాలె అక్కా. సముద్రం గూడ సూపిస్త."

మద్రాసుకు తిరిగి వెళ్లి ఇస్సాకు ఎడిటింగ్ గదిలో కూర్చున్నాడు. కాలితో మీట నొక్కితే ఫిల్ము నడిచే యంత్రం, అరచేయంత అద్దంలో బొమ్మ. అక్క నోరు తెరిచే చోట, ఊపిరి తీసే చోట ఫిల్ము అంచున పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటున్నాడు. రూతు తల పైకెత్తి రాగం తీసే ముక్క దగ్గర అతని కాలు ఆగిపోయింది. మెడ కింద, ఒక పక్కన, చిన్న ఉబ్బు. వెలుతురు అలా పడిందేమో అనుకుని వెనక్కి తిప్పాడు. మెల్లగా నడిపించి చూశాడు. ఆమె గుటక వేస్తే ఆ ఉబ్బు పైకి పోయి కిందికి దిగుతోంది. ఇంట్లో రోజూ కళ్లముందు తిరిగే మనిషి. ఎవరూ చూడలేదు. తీసేటప్పుడు తనూ చూడలేదు.

మర్నాడే రైలెక్కి కాజీపేటలో దిగాడు.

"ఏందిరా, చెప్పకుంట వచ్చినవ్?" అంది తల్లి సువార్తమ్మ.

అతను నేరుగా అక్క దగ్గరికి పోయి, మెడ మీద చెయ్యి పెట్టి చూశాడు. రూతు నవ్వింది. "గొంతుల జర బరువున్నట్టుంటాంది తమ్మీ. సర్ది చేసిందనుకున్న."

హైదరాబాదు దవాఖానలో పెద్ద డాక్టరు చూసి, గడ్డ మంచిది కాదు, తొందరగా తీసెయ్యాలి అన్నాడు.

"పాడొచ్చునా సార్, తర్వాత?" అని రూతు అడిగింది.

"ప్రాణం నిలబెడతానమ్మా. గొంతు సంగతి మాత్రం చెప్పలేను."

ఆపరేషనుకు ఇంకా కొద్ది రోజులు గడువుంది. ఇస్సాకుకు ఒక ఆలోచన వచ్చింది. హైదరాబాదులోనే తెలిసినవాళ్ల దగ్గర టేపు రికార్డరు ఉంది, అడిగితే ఇస్తారు. కానీ రేపు నీ గొంతు పోవచ్చు, ఇవాళే పాడు అని అక్కతో ఏ నోటితో అనాలి? దవాఖాన వరండాలో ఆమె పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచి పెట్టాడు. ఊరి ముచ్చట్లు చెప్పాడు. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ప్రాణం దక్కింది. గొంతు పోయింది. కట్టు విప్పాక రూతు నోటి నుంచి వచ్చింది ఉత్త గాలి. నెలలు గడిచినా అది గుసగుసను దాటలేదు.

కాలేజీలో మాస్టారు ఇస్సాకును పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "ఏ సినిమాలోనైనా ఒకరి పెదవులు, ఒకరి గొంతు. ఇంకో అమ్మాయితో పాడించు. నువ్వు చేస్తున్నది తప్పేం కాదు."

ఇస్సాకు ఆ మాట అడగడానికి మళ్లీ ఇంటికి వచ్చాడు. రూతు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అంతా విని చాట పక్కన పెట్టింది.

"పాడించు. నా బొమ్మ మూగగ ఎందుకుండాలె?" అంది గుసగుసగా. మళ్లీ చాట అందుకుని, "ఆపరేషన్‌కు ముందు పాట పట్టే మిషన్ తెస్తవనుకున్నరా" అంది.

ఇస్సాకు తల దించుకున్నాడు. "అడిగితే నీకు భయమైతదనుకున్న అక్కా."

"భయం ముందుగాలనే ఉండె. పాడుకుంట కూసుంటే జర తక్కువయ్యేదేమో."

మద్రాసులో ఒక అమ్మాయి పాడింది. చక్కటి గొంతు. ఇస్సాకు రెండు వారాలు కూర్చుని, ఊపిరికి ఊపిరి కలిపి అతికించాడు. ఎక్కడా అతుకు కనబడదని మాస్టారు మెచ్చుకున్నాడు. పరీక్షలో అతనికే మంచి మార్కులు వచ్చాయి.

క్రిస్మస్ సెలవుల్లో, మధ్యాహ్నం పూట, మిషన్ బడి హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి ఆ సినిమా వేశారు. తెర మీద రూతు ఉయ్యాల ఊపుతూ పాట అందుకుంది. చర్చివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సువార్తమ్మ లేచి నిలబడింది.

"నా బిడ్డ గొంతు గిది కాదు" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

సినిమా అయిపోయి అందరూ వెళ్లాక రూతు ప్రొజెక్టరు దగ్గరికి వచ్చింది. "ఇంకోసారి వెయ్యి తమ్మీ. పాట బందు పెట్టి."

ఇస్సాకు రీలు వెనక్కి చుట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి మళ్లీ వేశాడు. ఖాళీ హాలులో యంత్రం టకటక తప్ప ఇంకేమీ లేదు. ముందు బెంచీ మీద రూతు తెర వైపు చూస్తూ కూర్చుంది. తెర మీది మనిషి నోరు తెరిచినప్పుడల్లా ఆమె కూడా తెరిచింది. ఆ మనిషి ఊపిరి తీసినచోట తీసింది. తెర మీది పెదవులతో ఈ పెదవులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి నడిచాయి. ఇస్సాకు ప్రొజెక్టరు వెలుగుకు అడ్డం రాకుండా గోడకు ఆనుకుని, చప్పుడు కాకుండా ఏడ్చాడు.

తర్వాత అతనికి మద్రాసులోనే ఎడిటింగ్ గదిలో పని దొరికింది. పొద్దంతా ఒకరి పెదవులకు ఒకరి గొంతు అతికించే పని. ఇంటికి తక్కువగా వచ్చేవాడు. గుసగుసతో తరగతి నడపలేక రూతు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే గదికి మారింది. ఆమె మాట వినాలంటే పిల్లలు దగ్గరికి జరిగి, ఆమె మోకాళ్లకు ఆనుకుని కూర్చోవాల్సి వచ్చేది. చర్చిలో పాట ఇప్పుడు వేరే ఆమె ఎత్తుకుంటోంది. సువార్తమ్మకు ఆ పాటలన్నీ నోటికి వచ్చు. అయినా కూతురి పక్కన నిలబడి, ఆమె కూడా నోరు మెదపడం మానేసింది.