హవాయి నుంచి రాని మారివిక్ టీచర్

తనిఖీ వాళ్ళు వచ్చారన్న కబురు మూడో తరగతి గదికి చేరేసరికి మారివిక్ దుమ్లావ్ బోర్డు మీద ఏనుగు బొమ్మ గీస్తోంది. తొండం ఇంకా పూర్తి కాలేదు. టీచర్లను బళ్ళకు పంపే ఏజెన్సీలో గుమాస్తా నోక్, జోళ్ళు చేత్తో పట్టుకుని వరండాలో పరిగెత్తుకుంటూ వచ్చింది.

"టీచర్, రండి, రండి! ఇమిగ్రేషన్ వాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు."

"పాఠం మధ్యలో ఉన్నానే."

"పాఠానికేం, తర్వాత చెప్పుకోవచ్చు. ముందు మీరు కనపడకూడదు."

నోక్ ఆమెను బడి బ్యాండు సామాన్ల గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టింది. పెద్ద పెద్ద డోళ్ళు, తుప్పు పట్టిన బాకాలు, పోయినేడు ఊరేగింపులో వాడిన కాగితం పూల దండలు. మారివిక్ ఒక డోలు వెనక చీకట్లో గొంతుక్కూర్చుంది. కాసేపటికి వరండా అవతల నుంచి పిల్లల గొంతులు వినపడ్డాయి. టీచర్ లేకపోయినా వాళ్ళంతట వాళ్ళే జంతువుల పేర్లు ఇంగ్లిష్‌లో వల్లె వేస్తున్నారు. ఆమె నేర్పిన వరసలో, ఆమె నేర్పిన రాగంలో, పులి దగ్గర ఆమె గర్జించినట్టే గర్జిస్తూ.

మరో రోజైతే మురిసిపోయేది. ఆ రోజు ఒళ్ళు మండింది. ఆ మాటలు నేర్పిన మనిషి దొంగలా డోళ్ళ చాటున నక్కి ఉంది మరి.

వచ్చినవాళ్ళు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగి వెళ్ళిపోయారు. తలుపు తీసింది ఏజెన్సీ యజమాని విచియన్. నవ్వు మొహంతో నిలబడ్డాడు.

"చూశావా టీచర్, ఎంత తేలిగ్గా అయిపోయిందో!"

మారివిక్ లంగాకంటిన దుమ్ము దులుపుకుంది. "ఇంకోసారి నేను దాక్కోను విచియన్ గారూ."

"అబ్బే, ఇంకోసారి ఎందుకొస్తారమ్మా?"

"వస్తే వాళ్ళని కూడా బల్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్తాను."

ఆయన దాన్ని హాస్యం అనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు.

ఫిలిప్పీన్స్‌లో, పంగసినాన్ ప్రాంతంలోని మంగల్దాన్‌లో మారివిక్ పదేళ్ళు బడిపంతులమ్మగా పనిచేసింది. ఆ బడి మూతపడ్డాక, థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ టీచర్లు కావాలట అని పినతల్లి కూతురు చెబితే, పాస్‌పోర్టు మీద సందర్శకురాలి ముద్ర వేయించుకుని వచ్చేసింది. లోయి పట్టణంలో విచియన్ ఏజెన్సీ ఆమెను ఒక ప్రైవేటు బడికి పంపింది. పని చేసే వీసా వచ్చే టర్ముకల్లా అయిపోతుందన్నాడు విచియన్. ఆ టర్మూ వచ్చింది, దాని తర్వాతదీ వచ్చింది, మూడేళ్ళు గడిచాయి. సందర్శకురాలి గడువు అయిపోవచ్చినప్పుడల్లా ఏజెన్సీ వ్యాన్‌లో టీచర్లందర్నీ నది దాటించి పక్క దేశపు రాజధాని వియంటియాన్ తీసుకెళ్ళడం, కొత్త ముద్రతో మళ్ళీ తీసుకురావడం. తిరుగు దారిలో వ్యాన్ కదలకముందే నోక్ సంచి పట్టుకుని సీట్ల మధ్య నడుస్తూ పాస్‌పోర్టులన్నీ వసూలు చేసేది. అవి విచియన్ ఆఫీసులో ఇనుప బీరువాలోకి వెళ్ళిపోయేవి.

"పోగొట్టుకుంటారని భయం. మీ మంచికే," అనేవాడు.

అదే ఏజెన్సీలో గారెత్ అని ఒక ఇంగ్లండు కుర్రాడున్నాడు. ఏ బళ్ళోనూ చదువు చెప్పిన మనిషి కాదు. సోమవారాలు సగం రోజులు తలనొప్పి అని పడుకునేవాడు. అతనికి వచ్చిన కొద్ది వారాల్లోనే అన్ని కాగితాలూ అయిపోయాయి. రోడ్డు మీద ఏజెన్సీ బ్యానర్లో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నదీ అతనే. మారివిక్‌కి మాత్రం కొత్త పేరు పెట్టారు, మేరీ అని. కొత్త ఊరు కూడా ఇచ్చారు, హవాయి అని. తల్లిదండ్రులు అడిగితే అలాగే చెప్పాలి. ఫిలిప్పీన్స్ అంటే ఫీజు కట్టరట.

డోళ్ళ గది నుంచి వచ్చిన సాయంత్రం ఆమె గదిలో వంట కూడా చెయ్యలేదు. ఆమెతో పాటు ఆ గదిలో ఉండే ఫ్లోర్దెలిజా, అందరూ ఫ్లోర్ అక్క అంటారు, ఎండు చేపలు వేయించి అన్నం పెట్టింది. వెనిగర్‌లో వెల్లుల్లి దంచి వేస్తూ మందలించింది.

"నోరు మూసుకుని ఉండవే పిల్లా. దాక్కోమంటే దాక్కుంటాం. ప్రాణం పోయిందా?"

"పోలేదక్కా. కానీ పిల్లలకి రేపు ఏం చెప్పను, ఎక్కడికి పోయానని?"

"కడుపు నొప్పి అని చెప్పు."

"హవాయి నొప్పి అని చెప్తాను."

ఫ్లోర్ నవ్వు ఆపుకోలేకపోయింది గానీ, అంతలోనే మొహం ముడుచుకుంది. "వాడితో పెట్టుకోకు. ఒక్క ఫోన్ కొడితే చాలు, ఇద్దర్నీ విమానం ఎక్కించేస్తారు."

అంతకు కొన్నాళ్ళ క్రితమే మారివిక్‌కి సాయంకాలం బజార్లో, కాల్చిన చేపల బండి దగ్గర, రత్తనా పరిచయమైంది. ఊరి చివరి మునిసిపల్ బడికి ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆవిడ మేనల్లుడు మారివిక్ తరగతిలోనే చదివేవాడు. ఈసారి మారివిక్ తనే ఆవిడను వెతుక్కుంటూ బడికి వెళ్ళింది.

రత్తనా మొక్కలకు నీళ్ళు పోయిస్తోంది. సంగతంతా వింది. "చూడమ్మాయ్, మా ఊళ్ళో వాళ్ళకి తెల్ల మొహం కావాలి. నాకు రోజూ బడికొచ్చే మొహం కావాలి. పోస్టు ఖాళీగా ఉంది. కాగితాలు నేను పెడతాను, సక్రమంగా పెడతాను. పోయినేడు వచ్చినవాడు దోమలున్నాయని పారిపోయాడు. నీకు దోమలంటే భయమా?"

"మంగల్దాన్ దోమల్ని మీరు చూళ్ళేదు మేడమ్."

"అయితే సరే. కానీ నువ్వు ముందు దేశం దాటాలి, పని వీసాతో తిరిగి రావాలి. పాస్‌పోర్టు నీ చేతిలో ఉందా?"

లేదు. దాన్ని తెచ్చుకోవడమే మిగిలింది.

వేసవి తరగతులకు పేర్లు రాసుకునే రోజు చూసి మారివిక్ ఏజెన్సీ ఆఫీసుకు వెళ్ళింది. ఆలోచించే ఆ రోజు ఎంచుకుంది. ప్లాస్టిక్ కుర్చీల నిండా తల్లులు, తండ్రులు, ఒకరిద్దరు అమ్మమ్మలు. ఆమె చేతులు జోడించి అందరికీ దణ్ణం పెట్టి, తిన్నగా వెళ్ళి విచియన్ బల్లకు ఎదురుగా కూర్చుంది.

"నా పాస్‌పోర్టు ఇవ్వండి."

విచియన్ నవ్వు చెరక్కుండానే గొంతు తగ్గించి ఇంగ్లిష్‌లో అన్నాడు. "ఇప్పుడు కాదు టీచర్. తర్వాత."

ఆమె మాత్రం తగ్గించలేదు. మూడేళ్ళుగా బజార్లో కూరలు బేరమాడి నేర్చుకున్న లోయి యాసలో, గది చివరికి కూడా వినపడేలా అంది. "తర్వాతంటే ఎప్పుడండీ? నేను వచ్చిన దగ్గర్నుంచీ మీ తర్వాత ఇంకా రాలేదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. నూడుల్స్ కొట్టు నడిపే కాంచనా నోరు తెరిచింది. "ఓలమ్మో, హవాయి టీచరమ్మ మన మాటే మాట్లాడుతోందే!"

మారివిక్ అటు తిరిగింది. "నేను హవాయి మనిషిని కాదక్కా. అదెలా ఉంటుందో కూడా చూళ్ళేదు. మాది ఫిలిప్పీన్స్. నా పేరు మేరీ కాదు, మారివిక్ దుమ్లావ్. మా దేశంలో పదేళ్ళు పంతులమ్మని. మీ పిల్లలకి ఇంగ్లిష్ నేర్పింది నేనే, ఆ బ్యానర్లో నవ్వుతున్నాయన కాదు."

"మరి మావాడు నన్ను ఇంగ్లిష్‌లో తిడతన్నాడు, అది కూడా నువ్వే నేర్పావా?"

"తిట్లు బ్యానర్లో ఆయనవి. దణ్ణం పెట్టి పలకరించడం నాది."

గదంతా గొల్లుమంది. విచియన్ మొహంలో నవ్వు ఇప్పుడు పోయింది. బల్ల మీదికి వంగాడు.

"పర్మిట్ లేకుండా పనిచేసింది నువ్వు. ఇమిగ్రేషన్‌కి ఫోన్ చెయ్యమంటావా?"

మారివిక్ చేతులు ఒళ్ళోంచి కదపలేదు. "చెయ్యండి. పనిచేసింది నేను, చేయించింది మీరు. ఇద్దరం ఒకే బండిలో పోదాం. కిటికీ పక్క సీటు మీకే ఇస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ విచియన్ వైపే చూస్తున్నారు. ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని లేచి బయటికి నడిచాడు. ఆయన వెనకే ఇంకొకావిడ లేచింది. విచియన్ నోక్ వైపు గడ్డం ఎగరేశాడు. నోక్ బీరువా తాళం తీసింది. పాస్‌పోర్టు అందిస్తూ, పెదవులు కదిపీ కదపకుండా, "జాగ్రత్తగా వెళ్ళండి టీచర్" అంది.

"ఫ్లోర్ అక్కది కూడా ఇస్తావా?"

"ఆవిడే వచ్చి అడగాలి."

మర్నాడే మారివిక్ బస్సెక్కి, నది దాటి, వియంటియాన్ చేరింది. వీసా కోసం థాయ్ రాయబార కార్యాలయం ముందు వరసలో నిలబడ్డ పాత పరిచయస్థులు తలో సలహా ఇచ్చారు. మూడేళ్ళూ ఏం చేశావని అడిగితే మసాజ్ నేర్చుకున్నానని చెప్పమన్నాడు ఒకడు. గుళ్ళన్నీ తిరిగానని చెప్పు, దేవుడి పేరెత్తితే వాళ్ళేమీ అనరు అన్నాడు ఇంకొకడు. ఒకావిడైతే తన ప్రియుడి ఫొటో అరువిస్తానంది.

కిటికీ అవతల కూర్చున్న అధికారిణి పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పింది. రత్తనా పంపిన కాగితాలు చూసింది.

"మూడేళ్ళుగా పర్యాటకురాలిగా వచ్చి పోతున్నారు. అన్నాళ్ళు లోయిలో ఏం చేశారు?"

అబద్ధం నాలుక చివరే ఉంది. మారివిక్‌కి గుళ్ళ పేర్లు కూడా వచ్చు. కానీ ఆఫీసులో అంతమంది ముందు తన పేరు, తన ఊరు గట్టిగా చెప్పుకుని వారం కూడా కాలేదు.

"చదువు చెప్పానండీ."

అధికారిణి కలం ఆపింది. "ఏమన్నారో తెలుస్తోందా మీకు? ఇది రాసుకుంటే ఈసారి వీసా రాదు."

"రాసుకోండి. చదువు చెప్పించినాయన పేరు కూడా చెప్తాను, అదీ రాసుకోండి."

ఆవిడ పాస్‌పోర్టు మూసి వెనక్కి నెట్టింది. కోప్పడలేదు, జాలీ పడలేదు. "నేను ఇవ్వలేను," అంది. "మీ దేశానికి వెళ్ళి, అక్కడి నుంచి పెట్టుకోండి. ఈ మాటే అక్కడా చెప్పండి. ఇస్తారని మాత్రం నేను మాటివ్వను."

బయటికొచ్చి అరుగు మీద కూర్చుని మారివిక్ కరువుతీరా ఏడ్చింది. అంత ధైర్యం చేసి ఏం సాధించావే అని తన్ను తనే తిట్టుకుంది. పక్కన కాఫీ బండి దగ్గర ఒక పెద్దమనిషి అంతా గమనిస్తున్నట్టున్నాడు, దగ్గరికొచ్చాడు.

"టీచరా? ఇక్కడ మా ట్యూషన్ సెంటర్లో పనుందండీ. కాగితాలేం అక్కర్లేదు, రేపటి నుంచే చేరిపోవచ్చు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "నన్ను ఏ ఊరి మనిషినని చెప్పమంటారు? ఆస్ట్రేలియానా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆమె సంచి భుజాన వేసుకుని నడిచింది.

రత్తనాకి ఫోన్ చేసి సంగతి చెప్పినప్పుడు అవతల నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. "నిజం చెప్పావా? అయ్యో పిచ్చిదానా. సరే. వెళ్ళు. మళ్ళీ పెడదాం. అందాకా ఇంగ్లిష్ నేనే చెప్తాను. పిల్లల ఖర్మ," అంది.

మంగల్దాన్‌లో మారివిక్ ఆ వానాకాలమంతా అక్క కొట్లో అరిసెల్లాంటి బియ్యప్పిండి వంటలు అమ్ముతూ గడిపింది. థాయ్‌లాండ్ పోయి ఏం తెచ్చావని చుట్టాలు ఎత్తిపొడిచేవారు. "యాస తెచ్చాను, వింటారా?" అని లోయి మాటల్లో నాలుగు దులిపేది. మొదటిసారి పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. రత్తనా ఇంకా లావైన కాగితాల కట్ట పంపింది. మనీలాలోని థాయ్ కార్యాలయంలో మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. మళ్ళీ అదే జవాబు చెప్పింది. ఈసారి అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "ఇప్పుడైనా సరైన దారిలో వెళ్తున్నారు కదా," అని ముద్ర వేశాడు.

నవంబరు చలిలో ఆమె లోయిలో దిగింది. మునిసిపల్ బడి గేటు మీద ఆమె పేరు, ఆమె దేశం పేరు థాయ్ అక్షరాల్లో రాయించింది రత్తనా. దుమ్లావ్‌లో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దిస్తానంటే, వద్దు మేడమ్, హవాయి కంటే చాలా నయం అంది మారివిక్.

విచియన్ మీద ఎవరైనా విచారణ జరిపారో లేదో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏజెన్సీ మాత్రం మూతపడలేదు. పేరు మార్చి, గోడలకు కొత్త రంగు వేసి, బ్యానర్లోకి ఇంకో తెల్ల కుర్రాణ్ణి తెచ్చుకుంది. ఒకరోజు బజార్లో విచియన్ ఎదురుపడ్డాడు. తప్పుకుని పోతాడనుకుంటే ఆగి పలకరించాడు.

"పెద్ద టీచరువయ్యావు. మా దగ్గరే ఉంటే నేనూ చేయించేవాణ్ణి కదమ్మా కాగితాలు."

"ఎప్పుడండీ? తర్వాతా?" అంటూ మారివిక్ ముల్లంగి కట్ట తీసుకుని పక్క బండికి నడిచింది.

ఫ్లోర్ మాత్రం ఇంకా విచియన్ ఏజెన్సీలోనే ఉంది. మారివిక్ వెళ్ళినప్పట్నుంచీ ఆవిడ మాట్లాడడం తగ్గించేసింది. నువ్వు రేపిన గొడవకి మా అందరి మీదా నిఘా పెట్టాడు అని కోపం. ఆ కోపంలో అబద్ధం లేదు, మారివిక్ కూడా సర్దిచెప్పబోలేదు. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది.

"ఏమే, ఎలా ఉన్నావు?"

"దోమల మధ్య హాయిగా ఉన్నానక్కా."

కాసేపు పండగ వంటల గురించి మాట్లాడింది. తర్వాత నసిగింది. "మీ హెడ్‌మిస్ట్రెస్‌కి తెలిసిన బళ్ళలో ఇంకెక్కడైనా ఖాళీ ఉందేమో..."

"ఉంది. పక్క ఊళ్ళో అడుగుతున్నారట. కానీ అక్కా, పాస్‌పోర్టు?"

అవతల ఫ్లోర్ గొంతు సవరించుకున్న చప్పుడు. "రేపు ఆఫీసుకి వెళ్తున్నాను. రేపు కూడా తల్లిదండ్రులొచ్చే రోజేనట, కనుక్కున్నాను."

"నేను రానా తోడు?"

"వద్దు. నీ యాసకి వాళ్ళు నవ్వుతారు. నేను ఏడుస్తాను. నా ఏడుపు సంగతి నీకు తెలియదు, వీధి చివరిదాకా వినపడుతుంది."